షెడ్డు మీదికెల్లి పోయిన దీపాలు

రైటరంటే

పోలీసు స్టేషన్లో రైటర్‌నని చెబితే, కథలు రాస్తారా అని అడిగినవాళ్లున్నారు. ఒక పెళ్లిలో ఒకావిడ తన కూతురి ప్రేమ సంగతంతా చెబుతానని, సీరియల్‌గా రాసిపెట్టమని భోజనాల దాకా వెంటపడింది. అసలు పని అంత సరదాగా ఉండదు. స్టేషన్లో కాగితం పని చూసే కానిస్టేబులో, హెడ్డో, ఏఎస్సైయో రైటర్. ఫిర్యాదులు రాసుకోవాలి, సాక్షులు చెప్పింది వాంగ్మూలంగా పెట్టాలి, ఫైలు కోర్టుకు చేరేలోపు అందులో తప్పు లేకుండా చూడాలి. నేను జోగిపేట పిల్లను. కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్సైగా రిటైరై దిగిపోయేదాకా సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల స్టేషన్లలో ఎక్కువ కాలం ఆ కుర్చీలోనే ఉన్నాను. దొంగను పరుగెత్తి పట్టుకున్నది ఒక్కసారే, అదీ వాడి చెప్పు తెగింది కాబట్టి.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు ఆడపిల్లలు ఇంటికొచ్చారు. రైటర్ పని అప్పగించారట, ఏం చేయాలో చెప్పమన్నారు. సెక్షన్లు వాళ్లకు నాకంటే బాగా వచ్చు. నేను నేర్చుకున్న నంబర్లన్నీ కొత్త చట్టాలతో మారిపోయాయి కూడా. అందుకని సెక్షన్ల జోలికి పోకుండా, నేను చేసిన తప్పులు చెప్పాను. వాళ్లు చాయ్ చల్లారిపోయేదాకా విన్నారు. అవి రాసి పెడితే ఇంకొకరికి పనికొస్తాయని వాళ్లే అన్నారు.

ఖాజా సాబ్ సాంచా

నాకు పని నేర్పింది ఖాజా సాబ్ అనే హెడ్ కానిస్టేబుల్. మనిషి బక్కపలచన, చేతిరాత మాత్రం అచ్చు వేసినట్టుండేది. వాంగ్మూలానికి ఆయన దగ్గర ఒక సాంచా, ఇటుకల అచ్చు లాంటిది, ఉండేది. ఎవరొచ్చినా, ఏం చెప్పినా అందులోనే పోసేవాడు. మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: నేను పై చిరునామాలో నివాసముంటూ కూలిపని చేసుకొని జీవించుచున్నాను. సాక్షి ‘తాగొచ్చి లొల్లి వెట్టుకున్నడు’ అంటే ఆయన పెన్ను ‘మద్యం మత్తులో ఘర్షణకు దిగినాడు’ అని రాసేది. జడ్జి ఏ జిల్లా నుంచి వచ్చినా అర్థం కావాలి కదా బేటీ అనేవాడు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. పైగా అట్లా రాస్తుంటే నేనేదో పెద్దదాన్ని అయిపోయినట్టు గర్వంగా ఉండేది.

ఒకసారి కోర్టులో ఒక ముసలమ్మను వకీలు అడిగాడు, ఆ రోజు మీరు ఘర్షణను చూశారా అని. ఆమె కాసేపు ఆలోచించి, ‘ఘర్షణ ఎవలో నాకు తెల్వదు సారు, మా వాడల గా పేరుతోని ఎవలు లేరు’ అంది. కోర్టంతా నవ్వింది. జడ్జిగారు కూడా ఫైలు అడ్డం పెట్టుకున్నారు. కేసు అక్కడితో పోయింది. ఖాజా సాబ్ బయటికొచ్చి, ముసలామెకు చదువు లేక మన కొంప ముంచిందన్నాడు. నేనూ తలూపాను. తప్పు ఆమెది కాదు, మాదని అర్థం కావడానికి నాకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఎర్ర లారీ

ఈలోపు ఇంకో పాఠం నేర్చుకున్నాను. ముంబయి రోడ్డు మీద ఒక లారీ సైకిల్ మీద పోతున్న మనిషిని గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. పక్కనే చాయ్ హోటల్. అక్కడున్న ఏడుగురూ ఎర్ర లారీ అన్నారు. మూడు రోజులు ఎర్ర లారీల వెంట తిరిగాం. చివరికి దొరికింది నీలం లారీ. డ్రైవర్ ఒప్పుకున్నాడు, ముందు బంపర్‌కు సైకిల్ రంగు కూడా అంటుకుని ఉంది.

మరి ఏడుగురు ఎర్ర లారీని ఎట్లా చూశారని నాకు నిద్ర పట్టలేదు. మళ్లీ పోయి ఒక్కొక్కరినే అడిగాను. ‘ఎర్ర లారీ, పట్టుకోండ్రి’ అని మొదట అరిచింది హోటల్ యజమాని. ఆయన అప్పుడు రోడ్డుకు వీపు పెట్టి పాలు కాగబెడుతున్నాడు. శబ్దానికి వెనక్కి తిరిగేసరికి లారీ దాటిపోయింది, దాని వెనకాల పోతున్న ఎర్ర లారీ ఆయన కంట్లో పడింది. మిగతా ఆరుగురూ ఆ కేక విన్న తర్వాతే లారీకి రంగు వేసుకున్నారు. ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పే సాక్షితో మనకు పెద్ద కష్టం ఉండదు, నాలుగు ప్రశ్నలకు తనే తడబడతాడు. నిజాయితీగా పొరబడినవాడితోనే కష్టం, ఎందుకంటే వాడు తడబడడు.

ఆ రోజు నుంచి సాక్షుల్ని విడివిడిగా కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. ఒకరు చెప్పేది ఇంకొకరికి వినబడకుండా చూసుకునేదాన్ని. సార్లు మెచ్చుకున్నారు. ఇక ఈ పనిలో నాకు తెలియనిది లేదనుకున్నాను.

ఆ శుక్రవారం

నేను దిగిపోవడానికి మూడేళ్ల ముందు సంగతి. అప్పుడున్న స్టేషన్ పేరు రాయను. పటాన్‌చెరుకు దగ్గరే. చుట్టూ కంపెనీలు, మధ్యలో పాత ఊళ్లు, ఊళ్ల మధ్య కొత్త కాలనీలు. రక్షణ శాఖ ఫ్యాక్టరీ ఒకటి దగ్గర్లో ఉండడంతో ఆ చుట్టుపక్కల కొంత మేర డ్రోన్లు ఎగరేయకూడదని నిషేధం ఉంది, బోర్డులు కూడా ఉన్నాయి.

ఎండాకాలం, పెళ్లిళ్ల రోజులు. సాయంత్రం ఏడు దాటింది, పడమటి వైపు ఇంకా కొద్దిగా వెలుతురుంది. కంపెనీల నుంచి షిఫ్టు దిగినవాళ్లు అడ్డా మీద ఆటోల కోసం నిలబడ్డారు. అప్పుడు ఆకాశంలో దీపాలు వచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు, ఒకదాని వెనక ఒకటి వరుసగా, చప్పుడు లేకుండా, పడమటి నుంచి వచ్చి నెత్తి మీదుగా పోతూ పోతూ సగం ఆకాశంలోనే ఒక్కొక్కటీ ఆరిపోయాయి. నేను స్టేషన్ లోపల ఉన్నాను కాబట్టి చూడలేదు. కేకలు విని బయటికొచ్చేసరికి అందరూ పైకి చూస్తున్నారు, పైన ఏమీ లేదు.

అరగంటలో ఫోన్లన్నీ వీడియోలతో నిండిపోయాయి. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు, వెనక నుంచి అరుపులు. గ్రహాంతరవాసులని కొందరు, దేవుడి రథమని కొందరు, పక్క దేశం డ్రోన్లని ఇంకొందరు. ఆ చివరి మాటే పైవాళ్ల దాకా పోయింది. పొద్దున్నే మా ఎస్సై శ్రీకాంత్ సారుకు ఫోను మీద ఫోను. నిషేధం ఉన్నచోట ఎగరేసింది ఎవరో సాయంత్రంలోపు తేల్చమన్నారు. శ్రీకాంత్ సారు మంచివాడే, చిన్న వయసు, చేయి చేసుకునే రకం కాదు. పైనుంచి ఫోనొస్తే మాత్రం కాలు నిలవదు.

అడ్డాకు ఎదురుగా ఒక రెండంతస్తుల రేకుల షెడ్డు ఉంది. దాని పై భాగంలో నర్సింలు ఫోటో స్టూడియో. పెళ్లిళ్లకు ఫోటోలు, వీడియోలు తీస్తాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఆ చుట్టుపక్కల డ్రోన్ కెమెరా ఉన్నది అతనొక్కడికే. మేం అడ్డా మీదికి పోయేసరికే అతని పేరు అందరి నోళ్లలో ఉంది. షెడ్డు మీదికెల్లి పోయినయి సార్ అన్నారు.

నేను నా పద్ధతి ప్రకారం విడివిడిగా కూర్చోబెట్టి రాశాను. ఇరవై రెండు మంది. ఆటోవాళ్లు, కంపెనీ కూలీలు, ఎదురుగా మిర్చి బజ్జీల బండి పెట్టుకునే బాలమణి. ఇరవై రెండు వాంగ్మూలాల్లోనూ ఒకే మాట వచ్చింది: సదరు దీపములు నర్సింలు షెడ్డు పైభాగము నుండి లేచి తూర్పు దిశగా పోయినవి. ఎక్కడా తేడా లేదు. ఇంత గట్టి సాక్ష్యం నేను ఎన్నడూ చూడలేదని సారుతో చెప్పాను కూడా.

నర్సింలు ఒప్పుకోవడం

డ్రోన్ తెచ్చి బీరువాలో పెట్టారు. నర్సింలును పొద్దున పిలిపించడం, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి పంపడం. అతను ఒప్పుకున్న రెండు పెళ్లిళ్లు వేరే ఫోటోగ్రాఫర్లకు పోయాయి. మూడోవాళ్లు ఫోన్ చేసి, మీ మీద ఏదో కేసటగా, మేం వేరేవాళ్లను చూసుకుంటామన్నారు. కేసు కోర్టుకెక్కితే డ్రోన్ ఎప్పటికి తిరిగొస్తుందో తెలియదు. అంతకంటే పెద్ద నష్టం పేరు పోవడం. దేశానికి సంబంధించిన చోట దొంగచాటుగా ఎగరేసిన మనిషిని ఎవరు ఇంట్లోకి పిలిచి ఫోటోలు తీయించుకుంటారు?

మొదటి రెండు రోజులు నేను ఎగరేయలేదనే అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం తనే వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు.

“గింతమంది అబద్ధమెందుకు చెప్తరు మేడం? బాలమణక్క గూడ జూసిన్నన్నదంటే… నేను బయట నిలవడి మీదికి జూసినట్టు యాదున్నది. చేతిల ఏదో పట్టుకున్నట్టు గూడ యాదున్నది. రిమోటే గావచ్చు. బ్యాటరీ జూస్తందుకు నేనే జెర లేపిన్నో ఏమో.”

నేను రాసుకున్నాను: బ్యాటరీ పరీక్షించు నిమిత్తము నేనే డ్రోన్ ఎగురవేసినాను. సారుకు చూపించాను. ఆయన ఊపిరి పీల్చుకుని, బుధవారం పైకి పంపుదామన్నాడు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు తెలుసు. కానీ ఒకసారి ఫైల్లోకి ఎక్కిందంటే ఆ మనిషి మీద అనుమానం ఇక దిగదు. చదివినవాళ్లందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు.

అతను చెప్పినదీ నేను రాసినదీ పక్కపక్కన పెట్టి చూడండి. ‘ఏమో’ ఎక్కడ పోయింది? ‘గావచ్చు’ ఎక్కడ పోయింది? ఆ రోజు నాకు ఆ ప్రశ్నే రాలేదు. సాంచాలో ‘ఏమో’ పట్టదు. నేను దాన్ని తీసేశానన్న సంగతి కూడా నాకు తెలియదు.

అక్క ఫోను

ఆ సాయంత్రమే జోగిపేట నుంచి మా అక్క ఫోన్ చేసింది. మామిడికాయ పచ్చడి పెట్టాను, ఎవరితో పంపాలని. మాటల్లో మాటగా, శుక్రవారం దీపాలు మీ దిక్కు గూడ కనబడ్డాయా అని అడిగింది. తను మిద్దె మీద బట్టలు తీస్తుంటే చూసిందట. టీవీలో ఏడు గంటల సీరియల్ అప్పుడే మొదలైందట. మార్కెట్ యార్డు మీదికెల్లి పోయినయి అంది.

నాకు నవ్వొచ్చింది. జోగిపేటలో కూడా ఎవరో డ్రోన్ ఎగరేశారన్నమాట అనుకున్నాను. అలవాటుగా, యార్డు కెల్లి లేసినయా అని అడిగాను.

“యార్డు కెల్లి ఎందుకు లేస్తయే? యార్డు మీదికెల్లి పోయినయి అంటున్న. నీకు తెలుగు రాదా ఏంది?”

ముప్పై ఏళ్లకు పైగా తెలుగులో రాసి జీతం తీసుకున్నదాన్ని ఆ మాట అడిగింది మా అక్క. ఫోను పెట్టేశాక ఫైలు తీసి ముందేసుకున్నాను.

మా మాటలో ‘కెల్లి’ అంటే ‘నుంచి’. బస్సు సదాశివపేట కెల్లి వచ్చిందంటే అక్కడ బయలుదేరిందనీ కావచ్చు, ఆ దారిన వచ్చిందనీ కావచ్చు. మాట్లాడుకునే ఇద్దరికీ ఏదో తెలుసు, కాగితానికి తెలియదు. షెడ్డు మీదికెల్లి పోయినయి అంటే షెడ్డు మీదుగా పోయాయని. పుట్టి పెరిగింది ఆ మాటలోనే, నాకు తెలియక కాదు. మొదటి సాక్షి చెప్పినప్పుడు నర్సింలు పేరు అప్పటికే నా చెవిలో పడి ఉంది, అందుకని నా పెన్ను ‘నుండి లేచి’ అని రాసింది. ఇక రెండో మనిషి నుంచి నేను అడిగిన ప్రశ్నే, షెడ్డు మీదికెల్లి లేసినయా అని. వాళ్లు ఆ, అవును మేడం అన్నారు. బీహారు కూలీ ఒకతను ‘ఊపర్ సే గయా’, అంటే మీదుగా పోయింది, అన్నాడు, దాన్నీ నేను అట్లాగే మార్చాను. విడివిడిగా కూర్చోబెట్టి ఏం లాభం? ఇరవై రెండు మందినీ నేనే ఒక మాట మీదికి తెచ్చాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఒకే నిమిషంలో అక్కడ జోగిపేటలో, ఇక్కడ మా అడ్డా మీద కనబడిందంటే అది ఏ షెడ్డు ఎత్తులోనూ ఉండే వస్తువు కాదు. ఎక్కడో చాలా పైన ఉండాలి. ఆకాశంలో ఒట్టి దీపం కనబడితే అది ఎంత దూరంలో ఉందో కంటికి తెలియదు. దగ్గర్లో ఉన్న కప్పును పట్టుకుని కొలుచుకుంటుంది. మా అక్కకు యార్డు దొరికింది, వీళ్లకు నర్సింలు షెడ్డు దొరికింది.

బజ్జీల బండి దగ్గర

మర్నాడు సాయంత్రం అడ్డాకు పోయాను. బాలమణి కాగుతున్న నూనెలో మిరపకాయలు వేస్తోంది. నేను రాసింది చదివి వినిపించాను. ఆమె గంటె పక్కన పెట్టింది.

“నేను గట్లనలే మేడం. మీదికెల్లి పోయినయన్న. లేసినయని మీరే అన్నరు. అప్పుడే సదివి చెప్తే అప్పుడే అందును గద.”

పోలీసులు రాసుకునే వాంగ్మూలం కింద సాక్షి సంతకం ఉండదు, చట్టమే వద్దంటుంది. చదివి వినిపించడం మాత్రం ఎవరూ వద్దనలేదు. ఇన్నేళ్లలో నాకు ఆ తీరిక దొరకలేదు. నిజం చెప్పాలంటే, వినిపిస్తే కాదంటారేమోనని లోపల భయం కూడా ఉండేదేమో.

ఆ రోజు ఎక్కడ నిలబడి చూశావని అడిగితే, ఇక్కడనే, పొయ్యి ఎనుక అంది. నన్ను అక్కడ నిలబెట్టింది. ఎదురుగా నర్సింలు షెడ్డు, దాని వెనక పడమటి ఆకాశం. కప్పు అంచు నుంచి పైకే ఆకాశం కనబడుతుంది, కింద భాగమంతా షెడ్డు మూసేసింది. పడమటి నుంచి ఏది వచ్చినా ఆ బండి దగ్గర నిలబడినవాళ్లకు మొదట కనబడేది ఆ రేకుల అంచునే.

సారుకు ఫోన్ చేసి, జెర బజ్జీలు తిందురు రాండ్రి అన్నాను. ఆయన జీపులో వచ్చి, ఏంది మేడం అని చికాకుగానే దిగాడు. పొయ్యి వెనక నిలబడి షెడ్డు వైపు చూడమన్నాను. రెండు బజ్జీలు అయ్యేసరికి రేకుల అంచు మీద ఒక దీపం మిణుకుమని లేచింది. మెల్లగా పైకొచ్చి, నెత్తి మీదికి వచ్చి, రెక్కల దీపాలు కూడా కనబడ్డాక తెలిసింది, శంషాబాద్ పోతున్న విమానం. సారు చేతిలో బజ్జీ చేతిలోనే ఉంది.

బాలమణి ఊరుకోలేదు. “నర్సింలుకు ఇమానం గూడ ఉన్నదా ఏంది సారు?” అంది.

సారు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. పైవాళ్లకు ఏమని చెప్పాలి మేడం అని మెల్లగా అడిగాడు. రైటర్ తప్పు రాసిందని చెప్పుండ్రి సార్ అన్నాను. అంతకంటే వేరే మాట నాకు దొరకలేదు, ఉన్నదీ అదే.

పనులన్నీ అప్పుడు మొదలయ్యాయి. డ్రోన్‌లోనే అది ఎప్పుడెప్పుడు ఎగిరిందో లెక్క ఉంటుంది. తీసి చూస్తే ఆ శుక్రవారం అది లేవనే లేదు. ఇరవై రెండు మంది సాక్షులున్నారు కదా అని, మొదటి రోజే చేయాల్సిన ఆ పని ఎవరికీ తోచలేదు. సంగారెడ్డిలో ఒక కాలేజీ సైన్సు లెక్చరర్ అవి ఉపగ్రహాలన్నాడు. ఒకే రాకెట్ మీద చాలా పంపుతారట, మొదటి కొన్నాళ్లు అవి వరుసగా పోతాయట. ఉపగ్రహాలనగానే నేను తలూపలేదు. ఒకసారి చేయి కాలింది కదా, ఈసారి ఆయన్నూ సాక్షి లాగే అడిగాను. ఏ దిక్కు నుంచి, ఏ నిమిషానికి, మధ్యలో ఎందుకు ఆరిపోయాయి అని. ఫోనులో దారి, సమయం చూపించాడు, భూమి నీడలోకి పోతే వెలుగు పోతుందన్నాడు. వీడియోల సమయంతో సరిపోయింది. అప్పుడు నమ్మాను. బాలమణి మాత్రం ఇప్పటికీ, ఉపగ్రహాలో గిపగ్రహాలో నాకెర్క లేదు, నేను జూసింది మాత్రం జూసిన అంటుంది. ఆమె మాట కూడా సరైనదే. చూసింది ఆమె, పేరు పెట్టాల్సింది వేరేవాళ్లు.

ఇరవై రెండు మంది దగ్గరికీ మళ్లీ పోయి రాశాను. ఈసారి ఒక్కటే అడిగాను, ఆ సాయంత్రం ఏం జూసిన్రు అని. వాళ్లు అన్న మాటే రాసి, చదివి వినిపించాను. ఇరవై రెండు రకాలుగా వచ్చింది. వరుసగ రైలు డబ్బాల లెక్కనే ఉన్నయి అన్నారు ఒకరు, పెళ్లి పందిరి సీరీస్ బల్బుల లెక్క అన్నారు ఇంకొకరు. చప్పుడైందన్నవాళ్లు ఇద్దరున్నారు. ఏడు దీపాలన్నవాళ్లున్నారు, పదిహేనన్నవాళ్లున్నారు, వందన్నవాడూ ఉన్నాడు. కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. నిజమైన సాక్ష్యం ఇట్లా గందరగోళంగానే ఉంటుంది. అందరి మాటా అచ్చంగా ఒక్కటే అయితే ముందు మిమ్మల్ని మీరు అనుమానించుకోండి.

నా సర్వీసు మొత్తంలో నాకొచ్చిన ఒకే ఒక్క మెమో ఆ కేసులో వచ్చింది. న్యాయంగానే వచ్చింది, తీసుకున్నాను. ఆ తర్వాత మూడేళ్లు నేను రాసిన వాంగ్మూలాలు చూసి సార్లు, ఇదేం భాష మేడం అని నవ్వేవాళ్లు. నాకు మాత్రం ఆ మూడేళ్లే ఈ ఉద్యోగంలో అన్నిటికంటే హాయిగా గడిచాయి. నర్సింలు ఇప్పటికీ పెళ్లిళ్లకు తిరుగుతున్నాడు. మొదట్లో కొన్నాళ్లు పనులు తగ్గాయి, తర్వాత జనం మరిచిపోయారు.

ఇరవై మూడో సాక్షి

అందరివీ అయ్యాక నర్సింలును పిలిపించాను. డ్రోన్ ఇచ్చేస్తున్నాం, నువ్వు ఎగరేయలేదని తేలిందని చెప్పాను. సంతోషిస్తాడనుకుంటే అయోమయంగా చూశాడు. మరి చేతిల పట్టుకున్నది ఏంది మేడం, నాకు యాదున్నది గద అన్నాడు. మూడు రోజులు మేం ఒక్క మాటే అడిగి అడిగి ఆ మనిషికి తన మీద తనకే నమ్మకం లేకుండా చేశాం.

పెన్ను మూత పెట్టేసి, డ్రోన్ సంగతి వదిలెయ్యమన్నాను. “ఆ సాయంత్రం నువ్వేం జూసినవ్ నర్సింలూ?” అని అడిగాను.

అతను కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు.

“అందరి దగ్గరికి వోయి ఏం జూసిన్రని అడిగిన్రు మేడం. నన్ను ఎందుకు ఎగిరేసినవనే అడిగిన్రు. నువ్వేం జూసినవని ఎవలడగలే.”

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పైన కూర్చుని ఒక పెళ్లి ఆల్బమ్ చేస్తున్నాడు. కింద కేకలు వినబడితే మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాడు. అందరిలాగే పైకి చూశాడు. చెబుతూ చెబుతూ ఆగి జేబు తడుముకున్నాడు. చేతిలో ఉన్నది ఫోను. అందరిలాగే అతనూ వీడియో తీశాడు. బయటపెడితే తన డ్రోన్‌ను తనే వీడియో తీసుకున్నాడంటారని మొదటి రోజు భయపడి దాచిపెట్టాడు. మూడో రోజుకు అసలు తీసిన సంగతే గుర్తు లేకుండా పోయింది. ఫోను బల్ల మీద పెట్టి ఆ వీడియో నడిపించాడు. పెళ్లిళ్లు తీసే చేయి కదా, కదలకుండా ఉంది. చుక్కలు పడమటి నుంచి రావడం, ఒక్కొక్కటీ ఆరిపోవడం శుభ్రంగా కనబడుతున్నాయి. ఆ ఊరి మొత్తం మీద అంత మంచి వీడియో ఇంకొకటి లేదు. నాకు ఏడుపొచ్చింది, రానిచ్చాను.

అతను చెప్పింది చెప్పినట్టు రాశాను. ‘నేను ఎగిరేయలే’ అన్నది కూడా అట్లాగే పెట్టాను. రాసింది మొదటి నుంచి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. ఇంకొక్కసారి సదువుండ్రి అన్నాడు. మళ్లీ చదివాను. పదిహేను దీపాలు అన్నచోట చేయి అడ్డం పెట్టాడు.

“పదిహేననలే మేడం. నేను లెక్కవెట్టలే. శానా అన్న.”

అది పొద్దున ఇంకెవరో చెప్పిన లెక్క. కొట్టేసి, ‘శానా’ అని రాశాను.